రెండు మూడురోజుల సమ్మెలు

టెలిఫోన్ ఉద్యోగుల సమ్మెల్లో రెండింటిని పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి 2000 సెప్టెంబరు 6, 7, 8 తేదీల్లో జరిగింది. రెండోది 2019 ఫిబ్రవరి 18, 19, 20. రెండూ మూడేసి రోజులే. రెండింట్లోనూ అవతలి పక్షం కేంద్ర ప్రభుత్వమే. జెండాలు దాదాపు అవే. మొదటిసారి నినాదాలిచ్చిన కుర్రవాళ్లలో చాలామంది రెండోసారి రిటైర్మెంటు దగ్గరపడ్డ పెద్దవాళ్లు. మొదటి సమ్మె గెలిచింది. రెండోది ఎంతగా ఓడిందంటే, ఏడాది తిరక్కుండానే ఉద్యోగుల్లో సగం మంది సంతకాలు పెట్టి ఇంటికి వెళ్లిపోయారు.

ఈ లెక్క విశాఖ రుషికొండలో కూర్చుని చూస్తే ఇంకొంచెం తేటగా కనిపిస్తుంది. విశాఖలో యూనియన్ అనగానే గుర్తొచ్చేవి ఉక్కు, పోర్టు, షిప్‌యార్డు. ఎర్రజెండా దిమ్మెలు, గేటు మీటింగులు, డిమాండ్ బ్యాడ్జీలు అన్నీ అటువైపే. నగరానికి ఈ కొసన, మధురవాడ నుంచి రుషికొండ దాకా పరుచుకున్న ఐటీ కొండల మీద కూడా సమాచార రంగపు పనే జరుగుతోంది. ఏ దేశపు కస్టమరు బిల్లు గురించో రాత్రంతా సమాధానం చెప్పే కొలువులు, ఎక్కడో ఉన్న సర్వర్లను కాపలా కాసే కొలువులు. సముద్రగర్భ కేబుల్ ఒడ్డుకు చేరే స్టేషన్‌కు, దానితోపాటు డేటా సెంటర్‌కు 2025 అక్టోబరులో ఇక్కడే శంకుస్థాపన జరిగింది. తంతి తపాలా శాఖ రోజుల నుంచి సంఘం కట్టుకున్న పనిలో ఒక ముక్క ఇప్పుడు సంఘం మాటే లేని కొండ మీదికి చేరింది. కాబట్టి పాత సమ్మెల్లో ఏది ఎందుకు గెలిచిందన్నది ఇక్కడివాళ్లకూ అవసరమైన సంగతే.

ముందు 2000 సంగతి. టెలికాం శాఖ నుంచి సర్వీసుల భాగాన్ని విడదీసి కార్పొరేషన్‌గా మార్చాలని వాజపేయి ప్రభుత్వం తేల్చేసింది. అప్పటి మంత్రి రాం విలాస్ పాశ్వాన్. అక్టోబరు 1న భారత్ సంచార్ నిగమ్ (బీఎస్ఎన్ఎల్) పని మొదలుపెట్టాలి. మూడు లక్షలకు పైబడిన ఉద్యోగుల గుండెల్లో ఒకటే ప్రశ్న: సర్కారు కొలువు కాస్తా కంపెనీ కొలువైతే పెన్షన్ ఎవరిస్తారు? ఎన్ఎఫ్‌టీఈ, ఎఫ్ఎన్‌టీఓ, బీటీఈఎఫ్ మూడు ఫెడరేషన్లూ తమలో తమకున్న పేచీలు పక్కనబెట్టి సమ్మె కట్టాయి. ఎన్ఎఫ్‌టీఈ నాయకుడు ఓ.పి. గుప్తా పేరు పాత ఉద్యోగులు ఇప్పటికీ తలుచుకునేది ఈ సందర్భంలోనే. మూడు రోజుల్లో ఒప్పందం కుదిరింది. సెప్టెంబరు 30న, అంటే కంపెనీ పని మొదలుపెట్టే ముందురోజు, కేంద్ర పెన్షన్ నిబంధనల్లో 37-ఎ అనే కొత్త నిబంధన వచ్చి చేరింది. కంపెనీలోకి మారినా, శాఖలో చేసిన సర్వీసు, కంపెనీలో చేసిన సర్వీసు రెండూ కలిపి పెన్షన్ ప్రభుత్వమే ఇస్తుందన్నది దాని సారం. దేశంలో ప్రభుత్వ రంగ సంస్థ ఉద్యోగులకు ఇంత గట్టి కాగితం దొరకడం అరుదు.

ఆ మూడు రోజుల్లో ఫోన్లు మూగబోయాయా? అంతగా లేదు. ట్రంక్ బుకింగ్ రోజుల్లో ఆపరేటరు హెడ్‌సెట్ తీసి బల్లమీద పెడితే ఊరికీ ఊరికీ మధ్య మాట తెగిపోయేది. 1968 సెప్టెంబరు 19న కేంద్ర ఉద్యోగులు చేసిన ఒక్కరోజు సమ్మెకే ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి అరెస్టులకు, తొలగింపులకు దిగడం వెనక ఆ భయం కూడా ఉంది. 2000 నాటికి ఎక్స్ఛేంజీలు ఎలక్ట్రానిక్‌వి అయిపోయాయి. మనిషి లేకపోయినా మూడు రోజులు అవి వాటంతటవే నడుస్తాయి. పెరిగేది ఫాల్టుల జాబితా ఒక్కటే. అయినా సమ్మె గెలిచింది, ఎందుకంటే ప్రభుత్వం ముందు తేదీ ఉంది. అక్టోబరు 1కి లక్షల మంది కొత్త కంపెనీలోకి గొడవ లేకుండా మారాలి. ఉద్యోగుల ఒప్పుకోలు ఆ నెలలో ఎంత విలువైనదో, అటుపైన అంత విలువ ఎన్నడూ లేదు. నాయకులు ఆ సంగతి పసిగట్టారు. నా దృష్టిలో ఆ సమ్మె గొప్పతనమంతా కేలండరు చదవడంలోనే ఉంది.

ఇప్పుడు 2019. మూడో వేతన సవరణ 2017 జనవరి 1 నుంచి రావాలి. మూడేళ్లు లాభాల్లో ఉన్న సంస్థకే సవరణ అన్న షరతు అడ్డొచ్చింది. బీఎస్ఎన్ఎల్ 2009-10 నుంచి నష్టాల్లో ఉంది. 2016 సెప్టెంబరులో జియో దిగాక ఆ నష్టం మరీ ముదిరింది. ప్రైవేటు కంపెనీలన్నీ 4జీ అమ్ముతుంటే ప్రభుత్వ సంస్థకు 4జీ స్పెక్ట్రమే ఇవ్వలేదు. సంఘాలు, అసోసియేషన్లు కలిసి ఏయూఏబీ పేరుతో కూటమి కట్టాయి. 2017 డిసెంబరు 12, 13 తేదీల్లో ఒక సమ్మె చేశాయి. 2018 డిసెంబరులో ఇంకో సమ్మెకు నోటీసిచ్చి చర్చల కోసం వాయిదా వేసుకున్నాయి. చివరికి 2019 ఫిబ్రవరిలో మూడు రోజులు. డిమాండ్లు చూడండి: 15 శాతం ఫిట్‌మెంట్‌తో వేతన సవరణ, 4జీ స్పెక్ట్రం, పెన్షన్ సవరణ, కంపెనీ కట్టే పెన్షన్ వాటా అసలు మూలవేతనం మీదే లెక్కగట్టడం. వీటిలో 4జీ డిమాండు జనానికీ పనికొచ్చేదే. జీతాల కోసం గొంతు చించుకుంటారని పేరుపడ్డ సంఘాలు కంపెనీకి సరుకివ్వమని అడిగాయి. ఈ మాటలో ఎంత న్యాయముందో ఆ వారం పత్రికల్లో వెతికినా పెద్దగా కనిపించదు.

అడిగింది సబబే అయినా, అడిగిన సమయంలో బలం లేదు. మూడు రోజులు లైన్‌మన్ రాకపోతే ఇబ్బందిపడే ల్యాండ్‌లైన్ ఇళ్లు అప్పటికే తగ్గిపోయాయి. జేబులో ఇంకో కంపెనీ సిమ్ము ఉంది. ప్రభుత్వానికి ఉద్యోగుల నుంచి కావలసిన సంతకం ఏదీ లేదు. కావలసిందల్లా వాళ్ల సంఖ్య తగ్గడమే. మనం వెళ్లిపోతే బాగుండునని కోరుకుంటున్నవాడిని రామని బెదిరిస్తే వాడు కంగారుపడడు కదా! మూడు రోజుల గైర్హాజరు డైస్ నాన్ పేరుతో జీతం కోతగా మిగిలింది. ఆ నెల జీతం కూడా వేళకు రాలేదు. అటుపై ఆ ఏడాదంతా జీతాల తేదీ ఎటుపడితే అటు జరుగుతూ పోయింది.

జనంలో సానుభూతి ఎందుకు లేదో చెప్పకపోతే ఈ పోలిక ఏకపక్షమవుతుంది. తొంభైల్లో ఫోను కోసం దరఖాస్తు పెట్టి ఏళ్లు ఎదురుచూసినవాళ్లు, త్వరగా కావాలంటే ఓవైటీలో (ఓన్ యువర్ టెలిఫోన్ పథకంలో) ఎక్కువ డబ్బు కట్టినవాళ్లు, డయల్ టోన్ పోయినప్పుడల్లా లైన్‌మన్‌ను బతిమాలి, దసరాకు మామూలు ముట్టజెప్పినవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. ఆ రోజుల్లో మనం ఆ శాఖకు కస్టమర్లం కాము, అర్జీదార్లం. సంఘాలు తమ సభ్యుడి హక్కు గురించి మాట్లాడినంత గట్టిగా వినియోగదారుడి వరుస గురించి ఎన్నడూ మాట్లాడలేదు. ఇది విమర్శే. అయితే హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న విశాఖను చితకబాదినప్పుడు, కూలిన స్తంభాల మధ్య కేబుల్ జాయింటు పెట్టె విప్పి, వందల జతల రంగు తీగల్లో ఏది ఎవరిదో పోల్చుకుంటూ కూర్చున్నదీ ఆ లైన్‌మనే. ఆ పని యాప్‌లో టికెట్ వేస్తే జరిగేది కాదు. ఏ పిల్లర్ బాక్సులో ఏ వీధి ముడి ఉందో తెలిసిన మనిషి కావాలి.

2019 అక్టోబరు 23న కేంద్ర మంత్రివర్గం దాదాపు 69 వేల కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. అందులో స్పెక్ట్రం ఉంది, స్వచ్ఛంద పదవీ విరమణ పథకం (వీఆర్ఎస్) కూడా ఉంది. నవంబరు 4న ఆప్షన్ తెరిచారు, డిసెంబరు 3న మూశారు. యాభై నిండినవాళ్లు అర్హులు. పూర్తయిన సర్వీసులో ఏడాదికి 35 రోజుల జీతం, మిగిలిన సర్వీసులో ఏడాదికి 25 రోజుల జీతం. 24వ ఏట చేరి 54వ ఏట ఉన్న ఉద్యోగిని ఊహించండి. ముప్ఫై ఏళ్లకు 1,050 రోజులు, మిగిలిన ఆరేళ్లకు 150 రోజులు, మొత్తం 1,200 రోజుల జీతం ఎక్స్‌గ్రేషియాగా. గరిష్ఠ పరిమితులు వేరే ఉన్నాయి. డబ్బు ఒకేసారి రాదు, రెండు విడతలు. పెన్షన్ కమ్యుటేషన్, అంటే పెన్షన్‌లో కొంత భాగం ముందే ఏకమొత్తంగా తీసుకోవడం, అరవై నిండాకే. ఒక పక్క ఈ లెక్క, ఇంకో పక్క జీతం ఎప్పుడు పడుతుందో తెలియని నెల, రిటైర్మెంటు వయసు 58కి తగ్గిస్తారన్న పుకారు. 78 వేల పైచిలుకు మంది ఆప్షన్ ఇచ్చారు. ఉన్నది సుమారు లక్షా 53 వేలు. 2020 జనవరి 31న ఒక్కరోజే వాళ్లంతా రిటైరయ్యారు.

ఇక్కడే రెండు సమ్మెలూ ముడిపడ్డాయి. వీఆర్ఎస్‌కు అంతమంది ధైర్యంగా ఒప్పుకోవడానికి మూలం 37-ఎ. ఎక్స్‌గ్రేషియా పోయినా, కంపెనీ మునిగినా, పెన్షన్ సర్కారుదే. 2000లో సంఘాలు గెలుచుకున్న రక్షణే 2019లో సంఘం నుంచి బయటికి నడిపించిన తలుపు అయింది. వ్యక్తికి భద్రత దొరికినకొద్దీ పోరాటంలో నిలబడాల్సిన అవసరం తగ్గింది. నాయకులు గేటు దగ్గర వీఆర్ఎస్ తీసుకోవద్దని చెబుతూ ఉండగానే, సభ్యులు లోపల లాగిన్ అయి ఆప్షన్ నొక్కారు. వాళ్లను తప్పుపట్టలేం. 2000 తర్వాత నేరుగా కంపెనీలో చేరినవాళ్లకు ఆ పెన్షన్ లేదు, వాళ్లది పీఎఫ్ లెక్క. వయసు చాలక ఆప్షన్ కూడా లేదు. సగం ఖాళీ అయిన ఆఫీసుల్లో రెట్టింపు పనికి మిగిలింది వాళ్లే. 4జీ చివరికి 2025 సెప్టెంబరు 27న దేశమంతటా అధికారికంగా మొదలైంది. దానికోసం సమ్మె చేసినవాళ్లలో సగం మంది అప్పటికి పెన్షనర్లు.

ఇదే కాలంలో నగరానికి ఆ కొసన, కూర్మన్నపాలెం కూడలిలో, ఇంకో రకం పోరాటం సాగింది. విశాఖ ఉక్కులో నూరు శాతం వాటా అమ్మకానికి 2021 జనవరి 27న సూత్రప్రాయ ఆమోదం పడింది. ఫిబ్రవరి 12న టెంటు లేచింది. విభాగాలవారీగా వంతులు వేసుకుని రిలే నిరాహార దీక్షలు. ఆ టెంటు వెయ్యి రోజులు దాటింది. టెలిఫోన్ సమ్మెతో దీన్ని పోల్చినప్పుడు మొదట కొట్టొచ్చినట్టు కనిపించే తేడా పనిముట్టుది. ఎక్స్ఛేంజీని వదిలేస్తే అది నడుస్తుంది, ఉక్కు కొలిమిని వదిలేస్తే అది చస్తుంది. బ్లాస్ట్ ఫర్నేస్ చల్లారితే లోపలి ఇనుము గడ్డకడుతుంది. కోక్ ఓవెన్ చల్లారితే ఇటుక గోడలు పగులుతాయి. కాపాడుకోవాలంటున్న ఫ్యాక్టరీని తామే ఆపలేరు కాబట్టి ఉక్కు కార్మికులు పని చేస్తూనే పోరాడాల్సి వచ్చింది. సమ్మె చేయలేని చోట కాలాన్ని ఆయుధం చేసుకున్నారు.

రెండో తేడా ఊరిది. ఉక్కు వెనక 1966 ఉంది. ఫ్యాక్టరీ కోసం అమృతరావు దీక్ష, నవంబరు 1న విశాఖలో కాల్పులు, రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు. 64 గ్రామాల భూములు, పునరావాసపు ఆర్ కార్డు చేతపట్టుకుని మూడో తరానికొచ్చిన నిర్వాసితులు. “విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు” అన్న మాట ఏ పార్టీ కాదనలేనిది. శాసనసభ అమ్మకానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది, ఎన్నికలొచ్చినప్పుడల్లా అందరూ ఆ టెంటుకు వచ్చి మాటిచ్చారు. టెలిఫోన్ వాళ్లకు ఇలాంటి నినాదం ఒక్కటీ లేదు. డయల్ టోన్ కోసం ఎవరూ ప్రాణాలివ్వలేదు కదా. మూడో తేడా పెన్షన్. ఉక్కు ఉద్యోగికి సర్కారు పెన్షన్ లేదు, ఈపీఎస్-95 కింద వచ్చే చిన్న మొత్తమే ప్రధానం. బయటికి పోతే చెట్టు కింద నిలబడాలి. అందుకే 2025లో అక్కడ వీఆర్ఎస్ తెరిచినప్పుడు తొలి విడతలో వెళ్లింది వెయ్యి మంది పైచిలుకే. బీఎస్ఎన్ఎల్‌లో సగం, ఉక్కులో పదోవంతు.

2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది. అమ్మకం ఆగిందన్న సంబరం జరిగింది. 2021 నాటి నిర్ణయాన్ని రద్దు చేస్తున్నామన్న వాక్యం మాత్రం ఆ ప్రకటనలో లేదు. అందుకే ఉక్కు టెంటుకు నేను పూర్తి మార్కులు వెయ్యను. 2000లో టెలిఫోన్ సంఘాలు మాట నమ్మకుండా గెజిట్ పట్టుకుని కదిలాయి. ఉక్కు సంఘాలకు డబ్బు దొరికింది, గడువు దొరికింది, కాగితం దొరకలేదు.

ఈ రెండు పోరాటాలనూ నిలబెట్టి అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. కాంట్రాక్టు కార్మికుడు ఎక్కడ? ఒకప్పుడు టెలిఫోన్ శాఖలో స్తంభాలు మోసిన, గోతులు తవ్విన రోజుకూలీలు వేల సంఖ్యలో ఉండేవారు. వాళ్ల కేసులో 1987 అక్టోబరు 27న సుప్రీంకోర్టు, ఏళ్ల తరబడి పనిచేయించుకుంటూ క్యాజువల్ అనడం కుదరదని, క్రమబద్ధీకరణ పథకం తయారు చేయమని శాఖను ఆదేశించింది. 1989లో టెంపరరీ స్టేటస్ పథకం వచ్చింది. కంపెనీ పుట్టబోయే ముందు, 2000 సెప్టెంబరు చివర్లో, మిగిలిపోయినవాళ్లను క్రమబద్ధం చేసే ఉత్తర్వూ వచ్చింది. అంటే ఆ తరం సంఘాలు పడవ దాటేటప్పుడు గట్టున ఉన్నవాళ్లనూ ఎక్కించుకున్నాయి. ఆ తర్వాత ఏడాదికే, 2001 ఆగస్టు 30న, స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు ఇంకో దారి పట్టింది. కాంట్రాక్టు పద్ధతిని నిషేధించినంత మాత్రాన కార్మికుడు అసలు యజమాని ఉద్యోగి అయిపోడని తేల్చింది. అప్పటి నుంచి మధ్యలో కాంట్రాక్టరు పేరుంటే చాలు, కంపెనీ చేతులు దులుపుకోవచ్చు.

2019లో పర్మనెంటు ఉద్యోగికి జీతం వారాలు ఆలస్యమైంది. దేశవ్యాప్తంగా బీఎస్ఎన్ఎల్ కాంట్రాక్టు కార్మికులకు నెలల తరబడి రానేలేదు. కేరళలోని నిలంబూరులో ఒక కాంట్రాక్టు కార్మికుడు ఆఫీసులోనే ప్రాణం తీసుకున్నాడు. సంఘాలు వాళ్ల కోసం ధర్నాలు చేశాయి, కాదనను. ఫిబ్రవరి సమ్మె డిమాండ్లలో మాత్రం ముందువరుస ఫిట్‌మెంట్ శాతానిదే. విశాఖ ఉక్కులోనూ ప్యాకేజీ వచ్చిన ఏడాదే వేల సంఖ్యలో కాంట్రాక్టు కార్మికులను తొలగించారని సంఘాలు చెప్పాయి, మే నెలలో కాంట్రాక్టు కార్మికులు సమ్మెకు దిగారు. వెయ్యి రోజుల టెంటులో వాళ్లూ కూర్చున్నారు. ఫలితం పంచుకునే వేళకు గేటు పాసు రద్దయింది.

అమెరికా ఉదాహరణ ఒకటి చెప్పి మళ్లీ కొండకు వస్తాను. 2016 ఏప్రిల్ 13న వెరైజన్ కంపెనీలో దాదాపు 40 వేల మంది సమ్మెకు దిగారు. ముగింపు తేదీ ముందే ప్రకటించిన సమ్మె కాదది. మే నెలలో కంపెనీ ఆరోగ్య బీమా ఆపేసింది. సంఘం తన నిధి నుంచి వారం వారం భృతి ఇచ్చింది. సమ్మె జూన్ 1 వరకూ సాగింది. కొత్త ఫైబర్ కనెక్షన్లు పడిపోయి కంపెనీ ఆదాయానికి దెబ్బ తగిలింది. నాలుగేళ్లకు కలిపి 10.9 శాతం పెంపు, 1,300 కొత్త కాల్ సెంటర్ ఉద్యోగాలు ఒప్పుకోక తప్పలేదు. ఆ సమ్మెలో పెద్ద డిమాండు కాల్ సెంటర్ పనిని విదేశాలకు తరలించొద్దని. సంఘం మనుషులు ఫిలిప్పీన్స్ దాకా వెళ్లి అక్కడి కాల్ సెంటర్లు చూసొచ్చారు. సరిగ్గా ఏడాదిన్నరకు, 2017 డిసెంబరులో, అదే కంపెనీ హైదరాబాద్, చెన్నై కార్యాలయాల్లో వందలాది మందిని గదుల్లోకి పిలిచి, బయట బౌన్సర్లను నిలబెట్టి రాజీనామాలు రాయించుకున్నారని ఐటీ ఉద్యోగుల సంఘం ఎఫ్ఐటీఈ ఆరోపించింది. ఒక దేశంలో ఏడు వారాలు, ఇంకో దేశంలో కొన్ని నిమిషాలు. నైపుణ్యంలో తేడా లేదు. తేడా సంఘంలో ఉంది, సమ్మె నిధిలో ఉంది.

మన సంఘాలు ఈ నిధి గురించి ఎందుకు ఆలోచించవో నాకు అంతుపట్టదు. చందా ఉంది, దాన్ని జీతంలోంచే కోసిచ్చే చెకాఫ్ ఉంది, మహాసభలకు పందిళ్లున్నాయి. సమ్మె రోజున సభ్యుడి ఇంట్లో బియ్యం డబ్బాకు మాత్రం ఏర్పాటు లేదు. అందుకే మన సమ్మెలకు మూడో రోజు సాయంత్రం ముందే రాసిపెట్టి ఉంటుంది. అవతలివాడు కూడా ఆ సాయంత్రం దాకా ఓపిక పడతాడు.

రుషికొండ కొండల మీద పరిస్థితి విచిత్రం. 2000లో టెలిఫోన్ ఉద్యోగి చేతిలో ఉన్న బలమే ఇక్కడి టీమ్ చేతిలో ఉంది: గడువు. క్లయింటుకు చెప్పిన తేదీకి పని అందకపోతే కంపెనీకి జరిమానా పడుతుంది. ఆ బలం ఉందని తెలిసినవాడు లేడు, ఉన్నా పక్క సీటువాడితో ఆ మాట అనడు. పనివేళల నిబంధనల నుంచి ఐటీ సంస్థలకు ప్రభుత్వం మినహాయింపులిస్తూ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ఇక్కడ 21.16 ఎకరాలు టీసీఎస్‌కు 99 పైసలకు ఇవ్వాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఉద్యోగాలు రావాలి, దాన్ని కాదనేవాడు విశాఖలో ఉండడు. ఎన్ని ఉద్యోగాలన్నది అందరూ అడిగారు. ఎలాంటి ఉద్యోగాలన్నది, అందులో కాంట్రాక్టు ఎంత, పర్మనెంటు ఎంత అన్నది ఉక్కు సంఘాలు, టెలిఫోన్ సంఘాలు అడగాల్సింది. వాళ్ల పిల్లలే ఆ కొండ ఎక్కేది.

2025 నవంబరు 21 నుంచి కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఏ పరిశ్రమలోనైనా సమ్మెకు పద్నాలుగు రోజుల ముందు నోటీసివ్వాలి. టెలిఫోన్ ఉద్యోగులకు ఇది కొత్త కాదు. 1947 చట్టంలోనే వాళ్లది ప్రజోపయోగ సేవ, నోటీసు లేకుండా వాళ్లు దిగే వీలుండేది కాదు. కొండ మీదివాళ్లకు కొత్త. వాళ్లు గుర్తుంచుకోవాల్సిన నిబంధన ఇంకొకటి అందులోనే ఉంది: ఒక సంస్థలో సగం మంది కార్మికులు కూడబలుక్కుని ఒకే రోజు క్యాజువల్ లీవు పెట్టినా అది సమ్మె కిందే లెక్క.